అప్పు చేసి న్యూయార్క్ వెళ్లాలా, హైదరాబాద్‌లో మొదలుపెట్టాలా: ఒక క్వాంట్ కెరీర్ కేస్ స్టడీ

2024 ఫిబ్రవరిలో మా ఇంజనీరింగ్ కాలేజీ పూర్వ విద్యార్థుల సంఘం ద్వారా ఒక విద్యార్థిని నన్ను సంప్రదించింది. అప్పటికి ఆమె చేతిలో రెండు అడ్మిషన్ లేఖలున్నాయి. ఒకటి న్యూయార్క్‌కు లోకల్ రైలు దూరంలో ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో మూడు సెమిస్టర్ల ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ మాస్టర్స్‌కు, రెండోది లండన్‌లో ఒక ఏడాది కోర్సుకు. మొదటిదానికి ఏప్రిల్ మధ్యలోగా డిపాజిట్ కట్టాలి. ఏ ఊళ్లో చదివి ఏ ఊళ్లో ఉద్యోగం మొదలుపెడితే క్వాంట్‌గా, అంటే గణితం, కోడు వాడి ఆర్థిక మార్కెట్ల ధరలూ రిస్కులూ లెక్కగట్టే నిపుణురాలిగా, స్థిరపడవచ్చన్నది ఆమె ప్రశ్న. నేను హైదరాబాద్‌లో ఒక విదేశీ బ్యాంకు మోడల్ వ్యాలిడేషన్ విభాగంలో, అంటే బ్యాంకు వాడే గణిత మోడళ్లను పరీక్షించే విభాగంలో, పనిచేస్తున్నాను. కొత్తగా చేరేవారికి సాంకేతిక ఇంటర్వ్యూలు చేయడం నా పనిలో భాగం. అప్పటి నుంచి 2025 చివరిదాకా జరిగినదాన్ని, ప్రతి నిర్ణయం వెనుక ఉన్న లెక్కలతో సహా, ఆమె అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. మనిషిని పోల్చుకోగల వివరాలు మార్చాను.

ఆమెది నరసరావుపేట. ఈసీఈలో బీటెక్ పూర్తిచేసి, క్యాంపస్ ఎంపికలో వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో గచ్చిబౌలిలో రెండేళ్లుగా పనిచేస్తోంది. ఒక బీమా కంపెనీ క్లెయిముల డేటాబేసును నడపడం ఆమె పని. తండ్రి ఆర్టీసీ డిపోలో అకౌంట్స్ చూసి పదవీ విరమణ పొందారు. ఊళ్లో సొంత ఇల్లు, ఊరి బయట రెండెకరాల పొలం ఉన్నాయి. విద్యారుణానికి పొలాన్ని పూచీకత్తుగా తీసుకోవడానికి బ్యాంకు ఒప్పుకోలేదు. వ్యవసాయ భూమి విషయంలో సాధారణంగా ఇదే జరుగుతుంది. కాబట్టి ఇంటి కాగితాలే పెట్టాల్సి వచ్చేది. తండ్రి నాతో ఫోనులో మాట్లాడినప్పుడు అడిగింది ఒక్కటే: "ఇల్లు తాకట్టు పెట్టడానికి నాకేం అభ్యంతరం లేదండీ. ఆ చదువు ఆ అప్పును తీరుస్తుందా లేదా, అది లెక్క వేసి చెప్పండి." ఈ కేసులో అడగాల్సిన ప్రశ్న నిజానికి ఇదే. అమీర్‌పేట కన్సల్టెన్సీలో ఆమెకు చూపించినవి ర్యాంకుల పట్టికలూ, పూర్వ విద్యార్థుల జీతాల సగటులూ మాత్రమే. అలాంటి ఏజెంట్లలో చాలామందికి విశ్వవిద్యాలయాల నుంచే కమిషన్ అందుతుంది కాబట్టి, ఆ పట్టికలో అప్పు అనే గడి ఉండకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఏ క్వాంట్ ఉద్యోగం?

ఊరిని ఎంచుకునే ముందు పనిని ఎంచుకోవాలని మొదటి సమావేశంలోనే చెప్పాను. క్వాంట్ అనే పేరు కింద కనీసం మూడు రకాల పనులు నడుస్తున్నాయి, ఆ మూడూ ఒకే ఊళ్లో దొరకవు. మొదటిది డెరివేటివ్‌లకు, అంటే వడ్డీ రేటు, షేరు లాంటి వేరొకదాని మీద విలువ ఆధారపడే ఒప్పందాలకు, ధర కట్టే పని. బ్యాంకు ఒక కంపెనీకి పదేళ్ల వడ్డీ రేటు ఆప్షన్ అమ్మితే దాని ధర ఎంత ఉండాలి, ఆ ఆప్షన్ వల్ల బ్యాంకు నెత్తిన పడిన రిస్కును రోజూ ఎలా హెడ్జ్ చేయాలి, అంటే ఎదురు లావాదేవీలతో ఎలా తగ్గించుకోవాలి అన్నవి ఇక్కడి ప్రశ్నలు. 1973 నాటి బ్లాక్–షోల్స్ సూత్రం నుంచి హల్–వైట్, హెస్టన్, సేబర్ మోడళ్ల దాకా ఉన్న సాహిత్యమూ, యాదృచ్ఛికంగా కదిలే రాశుల గణితమైన ఇటో కాలిక్యులసూ, రిస్క్-న్యూట్రల్ సంభావ్యతా దీని పనిముట్లు. ట్రేడర్లు లండన్, న్యూయార్క్, పారిస్, హాంకాంగ్, సింగపూర్, టోక్యోలలో కూర్చుంటారు కాబట్టి ఈ డెస్కులూ ప్రధానంగా అక్కడే ఉంటాయి.

రెండోది ట్రేడింగ్ వ్యూహాల పరిశోధన. గత ధరల నుంచీ, కొనుగోలు, అమ్మకం ఆర్డర్ల జాబితా అయిన ఆర్డర్ బుక్ నుంచీ రేపటి కదలికనో, వచ్చే మిల్లీసెకను కదలికనో గణాంక పద్ధతుల్లో అంచనా వేయడం ఇక్కడి పని. దీనికి ఇటో కన్నా గణాంక శాస్త్రమూ, వేగంగా నడిచే కోడు రాయగలగడమూ ముఖ్యం. కాంట్రాక్టుల సంఖ్య ప్రకారం 2019 నుంచి ప్రపంచంలో అతిపెద్ద డెరివేటివ్ ఎక్స్‌చేంజి మన ఎన్‌ఎస్‌ఈ కావడంతో, ఈ రకం సంస్థలు ముంబై, గురుగ్రామ్‌లలో బాగా పెరిగాయి. అవి తీసుకునేది కొద్దిమందిని, ఆ కొద్దిమందిలోనూ ఎక్కువమంది ఐఐటీల నుంచో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) నుంచో వస్తారు. మూడోది రిస్కు గణన, మోడల్ వ్యాలిడేషన్. అంటే మొదటి రెండు రకాలవాళ్లు కట్టిన మోడళ్లను స్వతంత్రంగా పరీక్షించి, ఎక్కడ విరుగుతాయో చెప్పడం. ఈ పని హైదరాబాద్, బెంగళూరు, ముంబైలలోని విదేశీ బ్యాంకుల కేంద్రాలకు పెద్దఎత్తున వచ్చింది. 1988లో న్యూయార్క్‌లో మొదలైన క్వాంట్ పెట్టుబడి సంస్థ డీఈ షా 1996లోనే హైదరాబాద్‌కు రావడం వల్ల ఈ ఊరికి క్వాంట్ సంస్థల వాసన ముందే తెలుసు గానీ, ఉద్యోగాల సంఖ్య పెరిగింది మాత్రం ఈ మూడో రకంలోనే.

వృత్తిలో ఉన్నవాళ్లు మొదటి పనిని క్యూ (Q) వైపనీ, రెండోదాన్ని పీ (P) వైపనీ అంటారు. క్యూ వైపు సంభావ్యత మార్కెట్‌లోని ఇతర ధరల నుంచి వెనక్కి రాబట్టినది; పీ వైపు సంభావ్యత నిజ ప్రపంచంలో జరిగినదాని నుంచి అంచనా వేసినది. అమెరికాలో ఫైనాన్షియల్ ఇంజనీరింగ్ మాస్టర్స్ కోర్సులు చాలావరకు క్యూ వైపు అవసరాల నుంచి పుట్టినవి. కార్నెగీ మెలన్ 1994లో ప్రారంభించిన కోర్సును గణితం, గణాంకం, వ్యాపారం, ప్రభుత్వ విధానం బోధించే నాలుగు విభాగాలు కలిసి నడుపుతాయి. ఇప్పటికీ చాలామంది దాన్నే నమూనాగా చూస్తారు. 2008 సంక్షోభం తరువాత సంక్లిష్ట డెరివేటివ్‌ల వ్యాపారం తగ్గి ఉద్యోగాలు పీ వైపు జరిగినా, చాలా కోర్సుల సిలబస్ అంత త్వరగా జరగలేదు. మీకు ఏ వైపు ఇష్టమని అడిగితే ఆమె దగ్గర సమాధానం లేదు. అది తప్పేమీ కాదు. అయితే 80 లక్షల అప్పు చేసేముందు దొరకాల్సిన సమాధానం అది.

పునాది పరీక్ష

ఆమె తన దరఖాస్తులన్నింటిలో ముందుపెట్టిన ప్రాజెక్టు, నిఫ్టీ ముగింపు విలువను ఎల్‌ఎస్‌టీఎమ్ అనే న్యూరల్ నెట్‌వర్క్‌తో ముందుగా చెప్పడం. గ్రాఫు చూస్తే అసలు గీత, ఊహించిన గీత దాదాపు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి. నేటి విలువనే రేపటి విలువగా చెప్పే ఒక వరుస కోడు రాసి దాని గ్రాఫును పక్కన పెట్టమన్నాను. రెండింటికీ తేడా కనిపించలేదు. సూచీ 22,000 దగ్గర ఉన్నప్పుడు రోజుకు 150 పాయింట్లు తప్పుచెప్పినా గ్రాఫులో ఒప్పుగానే కనిపిస్తుంది. విలువ బదులు రోజువారీ రాబడి శాతాన్ని ఊహించమంటే ఆ మోడల్ దగ్గర చెప్పడానికి ఏమీ మిగలలేదు. నేను ఇంటర్వ్యూ చేసే అభ్యర్థుల రెజ్యూమెల్లో ఈ ప్రాజెక్టు ఇప్పటికీ తరచు కనిపిస్తూనే ఉంటుంది. ఇంటర్వ్యూలో దీని మీద మూడో ప్రశ్న దాటి నిలిచినవారు అరుదు.

తరువాత ఒక పాత ప్రశ్న వేశాను. నాణేన్ని ఎగరేస్తూ పోతే వరుసగా బొమ్మ, బొరుసు రావడానికి సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి? వరుసగా బొమ్మ, బొమ్మ రావడానికి ఎన్నిసార్లు? రెండింటి సంభావ్యత నాలుగో వంతే కాబట్టి రెండింటికీ నాలుగే అని ఆమె చెప్పింది. మొదటిదానికి నాలుగు సరైనదే: బొమ్మ రావడానికి సగటున రెండుసార్లు పడుతుంది, ఆ తరువాత మళ్లీ బొమ్మ వచ్చినా నష్టం లేదు, బొరుసు కోసం సగటున ఇంకో రెండుసార్లు వేస్తే చాలు. రెండోదానిలో మొదటి బొమ్మ తరువాత బొరుసు పడితే అంతవరకు చేసినదంతా పోయి మళ్లీ మొదటికి రావాలి; అందుకే సగటు ఆరు. వివరించిన వెంటనే ఆమె దాన్ని సమీకరణాలుగా రాసి, వరుసగా మూడు బొమ్మలకు 14 అని తానే తేల్చింది. అంటే బుర్ర చురుకైనదే. కండిషనల్ ఎక్స్‌పెక్టేషన్ (ఇప్పటిదాకా జరిగినదాన్ని బట్టి వేసే సగటు) అనే ఆలోచన ఇంతవరకు ఎవరూ చేతికి ఇవ్వలేదు, అంతే. జేఎన్‌టీయూ సిలబస్‌లోని సంభావ్యత పాఠాన్ని పరీక్షకోసం చదివి వదిలేసిన విద్యార్థులు ఎక్కువమంది ఈ స్థితిలోనే ఉంటారు.

ఇక్కడే క్యాలెండరు ముఖ్యమవుతుంది. అమెరికాలో ఆగస్టు చివర తరగతులు మొదలవుతాయి. మరుసటి వేసవి ఇంటర్న్‌షిప్‌లకు బ్యాంకులు, ఫండ్‌లు జరిపే ఎంపికలు ఆగస్టు–అక్టోబరు మధ్యలోనే జోరుగా సాగుతాయి. మూడు సెమిస్టర్ల కోర్సులో ఉద్యోగానికి అసలు దారి ఆ ఒక్క వేసవి ఇంటర్న్‌షిప్ మాత్రమే. అంటే విద్యార్థి కోర్సులో ఏమీ నేర్చుకోకముందే, తనతోపాటు విమానం దిగిన గణితంతో, సీ ప్లస్ ప్లస్‌తో ఇంటర్వ్యూలకు కూర్చోవాలి. చైనా నుంచీ, ఫ్రాన్స్ నుంచీ గణితంలో డిగ్రీ చేసి వచ్చినవారు ఆ గదిలో పక్కనే ఉంటారు. న్యూయార్క్‌లో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో భాగమైన బరూక్ కాలేజీ తన మాస్టర్స్‌లో చేరబోయేవారికి విడిగా ముందస్తు గణిత తరగతులు నడుపుతోందంటే కారణం ఇదే. ఆమె ఆ ఆగస్టులో వెళ్లి ఉంటే, నా అంచనాలో, మొదటి సెమిస్టర్ ఇంటర్వ్యూల్లో ఎక్కడా నెగ్గేది కాదు.

అప్పు లెక్క

ఫీజు, పదహారు నెలల ఖర్చులు కలిపి అప్పటి డాలరు ధరలో, అంటే 83 రూపాయల దగ్గర, సుమారు 80 లక్షలైంది. పదిన్నర శాతం వడ్డీకి ఇది నెలకు 70,000 రూపాయల వడ్డీ. పదేళ్లలో తీర్చాలంటే, చదువుకునే కాలంలో పేరుకునే వడ్డీని కలపకుండానే, నెలకు దాదాపు 1,08,000 రూపాయల వాయిదా. న్యూయార్క్‌లో క్వాంట్ ఉద్యోగం వచ్చినవారికి నెలకు 1,300 డాలర్లు పెద్ద భారం కాదు. అదే హైదరాబాద్‌కు తిరిగివచ్చి ఇక్కడి ప్రారంభ స్థాయి జీతంతో ఆ వాయిదా కట్టడమంటే ఇంటి మీదకు తెచ్చుకోవడమే. ఈ రెండు ఫలితాల మధ్య మధ్యస్థంగా ఏమీ లేదన్నదే తండ్రికి నేను చెప్పిన మొదటి మాట. సగటు జీతం ఎంతైనా కావచ్చు. సగటు దగ్గర ఎవరూ లేని పంపిణీలో సగటును చూసి తనఖా పెట్టకూడదు.

మొదటి ఫలితం దక్కాలంటే కోర్సు పూర్తయ్యాక ఉద్యోగం రావడంతో పని అయిపోదు. ఎఫ్-1 వీసా మీద చదివినవారికి ఏడాది ఓపీటీ (చదువు తరువాత అక్కడ పనిచేసే అనుమతి), కోర్సు స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో ఉంటే మరో 24 నెలలు దొరుకుతాయి. మొదటి ఏడాదిలో మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. ఆ మూడేళ్లలో హెచ్-1బీ ఉద్యోగ వీసా లాటరీ తగలాలి. మేం మాట్లాడుకునేనాటికి తాజాగా ఉన్న 2024 ఆర్థిక సంవత్సరపు లెక్కలో 85,000 వీసాలకు 7.8 లక్షలకు పైగా నమోదులు వచ్చాయి. వాటిలో ఒకే మనిషి పేరిట పడిన బహుళ నమోదులు చాలానే ఉన్నా, అవకాశం తక్కువన్న విషయం మారదు. మూడుసార్లు ప్రయత్నించే వీలున్నవారికి లాటరీ అంత భయంకరమైనది కాదు. మంచి ఉద్యోగంలో ఉన్నవారిని, లాటరీ తప్పితే లండన్‌కో టొరంటోకో పంపే స్తోమత పెద్ద బ్యాంకులకు ఉంటుంది. ఏదో ఒక ఉద్యోగంలో సర్దుకున్నవారికి ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి వీసా రిస్కు కూడా తిరిగి తిరిగి మొదటి ఇంటర్వ్యూల్లోని గణితం దగ్గరికే వచ్చింది. రిస్కులన్నీ ఒకే చోట పోగుపడటమంటే ఇదే. విడివిడిగా చూస్తే ప్రతిదీ భరించదగినదిగానే కనిపిస్తుంది.

మిగతా ఊళ్లు

లండన్ కోర్సు ఖర్చు తక్కువ, కాలమూ తక్కువ. అయితే ఏడాది కోర్సులో వేసవి ఇంటర్న్‌షిప్‌కు చోటే ఉండదు. మేం మాట్లాడుకుంటున్న రోజుల్లోనే స్కిల్డ్ వర్కర్ వీసాకు కనీస వేతనం ఏప్రిల్ 2024 నుంచి 38,700 పౌండ్లకు పెరగబోతోంది. కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి ఆ హద్దు కొంత తక్కువే అయినా, ఇంపీరియల్, ఆక్స్‌ఫర్డ్ లాంటి చోట్ల చదివినవారితో పోటీ తగ్గదు. జ్యూరిక్‌లో ఈటీహెచ్, జ్యూరిక్ విశ్వవిద్యాలయం కలిసి ఇంగ్లిష్‌లో నడిపే క్వాంటిటేటివ్ ఫైనాన్స్ మాస్టర్స్ నాకు చాలా ఇష్టమైన కోర్సు. అమెరికా ఫీజుతో పోలిస్తే ఫీజు నామమాత్రం, గణితం మాత్రం గట్టిది. ఆమె అప్పటి ట్రాన్స్‌క్రిప్ట్‌తో అక్కడ దరఖాస్తు నిలిచేది కాదు. పారిస్‌లో నికోల్ ఎల్ కరూయి 1990లో మొదలుపెట్టిన సంభావ్యత–ఫైనాన్స్ మాస్టర్స్ నుంచి ప్రపంచంలోని బ్యాంకుల డెరివేటివ్ డెస్కులకు తరాల తరబడి మనుషులు వెళ్లారు. దానికి ఫ్రెంచ్ రావాలి. సింగపూర్ విషయం క్లుప్తంగా తేల్చాం: అక్కడి మార్కెట్ చిన్నది, 2023 సెప్టెంబరు నుంచి ఉద్యోగ పాసుకు పాయింట్ల విధానం వచ్చింది.

దేశంలోని దారుల్లో కోల్‌కతా ఐఎస్ఐ గురించి ఎక్కువసేపు మాట్లాడుకున్నాం. గణాంక శాస్త్రంలో ఇంత లోతైన చదువును అప్పు లేకుండా ఇచ్చే చోటు మన విద్యార్థులకు ఇంకొకటి లేదని నా అభిప్రాయం. తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ విద్యార్థులు దాని ప్రవేశ పరీక్షల వైపు చూడకుండానే జీఆర్ఈ వైపు వెళ్లిపోతారు. ఐఎస్ఐ, ఐఐటీ ఖరగ్‌పూర్, ఐఐఎం కలకత్తా కలిసి 2015 నుంచి నడుపుతున్న బిజినెస్ అనలిటిక్స్ డిప్లొమా కూడా ఇంజనీర్లకు తెరిచి ఉన్న తలుపే. రెండేళ్ల జీతం మానుకుని మళ్లీ పూర్తికాల విద్యార్థి కావడానికి ఆమె ఆ సమయంలో సిద్ధంగా లేదు.

హైదరాబాద్ ఎందుకు

మోడల్ వ్యాలిడేషన్‌ను విద్యార్థులు రెండో తరగతి పనిగా చూస్తారు. ఆ పని ఎందుకు పుట్టిందో తెలిస్తే చూపు కొంత మారుతుంది. 2011 ఏప్రిల్‌లో అమెరికా ఫెడరల్ రిజర్వు, కరెన్సీ కంట్రోలర్ కార్యాలయం కలిసి ఎస్‌ఆర్ 11-7 అనే మార్గదర్శకం జారీ చేశాయి. బ్యాంకు వాడే ప్రతి మోడల్‌నూ, దాన్ని కట్టినవాళ్లు కాక వేరేవాళ్లు సమర్థంగా ప్రశ్నించాలన్నది దాని సారం. మరుసటి ఏడాదే జేపీ మోర్గాన్ లండన్ కార్యాలయంలో సుమారు 620 కోట్ల డాలర్ల నష్టం బయటపడింది. బ్యాంకు తానే ప్రచురించిన నివేదిక ప్రకారం, రిస్కును కొలిచే కొత్త మోడల్ స్ప్రెడ్‌షీట్ల మీద, చేత్తో కాపీ చేసి అతికించే పద్ధతిలో నడిచింది. ఒక చోట పాత, కొత్త రేట్ల సగటుతో భాగించాల్సింది వాటి మొత్తంతో భాగించారు. దాంతో ఒడుదొడుకులు ఉన్నదానికన్నా తక్కువగా కనిపించాయి. ఇలాంటివి పట్టుకోవడానికి వందలాది మోడళ్లను ఏటా పరీక్షించేవాళ్లు కావాల్సి వచ్చింది. దానికి ట్రేడర్ పక్కన కూర్చోనక్కర లేదు, గణితం తెలిసి, కోడు రాసి, స్పష్టమైన నివేదిక రాయగలిగితే చాలు. అందుకే అది హైదరాబాద్ దాకా రాగలిగింది. బ్యాంకులకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే బాసెల్ కమిటీ మార్కెట్ రిస్కు నిబంధనలు, లైబర్ అనే పాత వడ్డీ ప్రమాణం స్థానంలో వచ్చిన కొత్త వడ్డీ ప్రమాణాలు ఆ అవసరాన్ని ఇంకా పెంచాయి.

నేర్చుకునేవారికి ఇందులో ఒక అరుదైన లాభం ఉంది. డెస్క్‌లో పనిచేసే క్వాంట్ తన డెస్క్ మోడళ్లనే చూస్తాడు. వ్యాలిడేటర్ ముందుకు పీ వైపువీ, క్యూ వైపువీ, వడ్డీ రేట్లవీ, రుణ ఎగవేతవీ అన్నీ వస్తాయి, పూర్తి డాక్యుమెంటేషన్‌తో సహా. ప్రతిదాన్నీ తాను విడిగా తిరిగి కట్టి జవాబు సరిపోతుందో లేదో చూడాలి. ఏ వైపు ఇష్టమో తెలియని మనిషికి, జీతం ఇచ్చి మరీ ఆ సంగతి తేల్చుకోనిచ్చే చోటు ఇది. నష్టమూ ఉంది, దాన్ని దాచలేదు. మూడు నాలుగేళ్లు దాటితే ఈ కుర్చీ అతుక్కుపోతుంది. కట్టినవాళ్లను ప్రశ్నించడమే గాని కట్టడం రాదన్న ముద్ర పడుతుంది, ట్రేడింగ్ జరిగే ఫ్రంట్ ఆఫీసు రెజ్యూమెను పక్కన పెట్టేస్తుంది.

కాబట్టి నేనిచ్చిన సలహా షరతులతో కూడినది. అమెరికా డిపాజిట్ కట్టవద్దు. ఆరు నెలలు సంభావ్యత, లీనియర్ ఆల్జీబ్రా, సీ ప్లస్ ప్లస్ మీద పెట్టి, జీసీసీల్లో (విదేశీ సంస్థలు ఇక్కడ నడిపే కేంద్రాల్లో) వ్యాలిడేషన్ ఉద్యోగాలకు ప్రయత్నించాలి. చేరాక మొదటి ఏడాది చివరికల్లా కనీసం ఒక ధర కట్టే మోడల్, ఒక గణాంక మోడల్ మొత్తంగా తానే తిరిగి కట్టి ఉండాలి. రెండేళ్లలోపు డెస్క్‌కు మారడమో, గట్టి మాస్టర్స్‌లో చేరడమో జరగాలి. జరగకపోతే అప్పుడు ఐఎస్ఐ దారి. ఏప్రిల్ గడువు దాటిపోయిన రోజు ఆమె నాకు ఫోను చేసి, "సర్, ఇంట్లో అమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, చుట్టాల పిల్లలందరూ వెళ్తున్నారంటోంది" అన్నది. దీనికి నా దగ్గర లెక్క ఏమీ లేదు.

తరువాత జరిగినది

2024 అక్టోబరులో ఆమె ఒక విదేశీ బ్యాంకు హైదరాబాద్ కేంద్రంలో చేరింది. మొదటి ఆరు నెలలు వీఏఆర్ (వాల్యూ ఎట్ రిస్క్, అంటే ఒక రోజు నష్టం దాదాపుగా దాటని హద్దు అంచనా) బ్యాక్‌టెస్టింగ్ మీదే గడిచాయి. గత 250 పని దినాల్లో అసలు నష్టం 99 శాతం అంచనాను ఎన్ని రోజులు దాటిందో లెక్కపెట్టి, నాలుగు దాకా ఆకుపచ్చ, అయిదు నుంచి తొమ్మిది దాకా పసుపు, పది, ఆపైన అయితే ఎరుపు అని బాసెల్ పద్ధతిలో వర్గీకరించే పని. విసుగు పుట్టించే పనే, కానీ నిఫ్టీ ప్రాజెక్టులో ఆమెకు లోపించిన క్రమశిక్షణ ఇక్కడే వచ్చింది. మోడల్ బాగుందో లేదో గ్రాఫు చూసి చెప్పకూడదని, ముందే రాసుకున్న పరీక్షతో చెప్పాలని ఆమెకు మళ్లీ నేను చెప్పాల్సిన అవసరం రాలేదు. 2025లో వడ్డీ రేట్ల బృందానికి మారి, హల్–వైట్ మోడల్‌ను పైథాన్‌లో మొదటి నుంచి రాసి, లండన్ డెస్క్ లైబ్రరీ ఇచ్చే ధరలతో సరిపోల్చింది. సాధారణ స్వాప్షన్లలో (వడ్డీ మార్పిడి ఒప్పందంలోకి వెళ్లే హక్కునిచ్చే ఆప్షన్లలో) సరిపోయి, మధ్యలో రద్దు చేసుకునే హక్కున్న ఒప్పందాల్లో తేడా వచ్చింది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చడానికి ఆమె లండన్ బృందంతో వారాల తరబడి మాట్లాడింది. తనకు క్యూ వైపే ఇష్టమని తెలిసింది ఆ వారాల్లోనే.

ఈలోగా బయటి లెక్కలూ మారాయి. 2025 మేలో బ్రిటన్ ప్రభుత్వం చదువు తరువాతి గ్రాడ్యుయేట్ వీసాను రెండేళ్ల నుంచి 18 నెలలకు తగ్గిస్తామని ప్రకటించింది. సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు కొత్త హెచ్-1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించారు. దేశంలోనే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవారికి అది వర్తించదన్న వివరణ రావడానికి నెల పట్టింది. ఆమె ముందే వెళ్లి ఉంటే సరిగ్గా ఆఖరి సెమిస్టర్‌లో, ఉద్యోగం వెతుక్కుంటూ ఆ నెల గడపాల్సి వచ్చేది. ఇది నా సలహా సరైనదనడానికి రుజువు కాదు, ఎందుకంటే ఫిబ్రవరి 2024లో ఇవేవీ ఎవరికీ తెలియవు. దేశీయ మార్కెట్ కూడా స్థిరంగా లేదు. 2024 నవంబరు నుంచి సెబీ ఒక్కో ఎక్స్‌చేంజికి ఒక్క వారపు ఎక్స్‌పైరీనే (ఆప్షన్ల గడువు వారానికోసారి తీరడం) అనుమతించి, కాంట్రాక్టు కనీస పరిమాణాన్ని 15 లక్షలకు పెంచింది. వారపు ఆప్షన్ల మీదే బతికే వ్యూహాల సంస్థలో ఆమె చేరి ఉంటే అదీ ఒక దెబ్బే అయ్యేది.

2025 చివర్లో జ్యూరిక్ దరఖాస్తు సగం రాసి ఉండగా, అదే బ్యాంకు ముంబై కార్యాలయంలో వడ్డీ రేట్ల డెస్క్‌కు తోడ్పడే క్వాంట్ బృందంలో అంతర్గత ఖాళీ వచ్చింది. ఇంటర్వ్యూ చేసినది ఆ హల్–వైట్ తేడా మీద ఆమెతో వాదించిన లండన్ బృందమే. ఆమె ముంబై ఎంచుకుంది. నేనైతే జ్యూరిక్‌కే మొగ్గేవాణ్ని, ఎందుకంటే సిద్ధాంతంలో ఆమెకు ఇంకా ఖాళీలున్నాయి, ముంబై డెస్క్‌లో వాటిని పూడ్చుకునే తీరిక ఉండదు. ఆమె వాదన వేరు: మాస్టర్స్ చేసినవాళ్లు ఏ కుర్చీ కోసం వెతుకుతారో ఆ కుర్చీ ఇప్పుడే దొరుకుతుంటే, దాన్ని వదిలి చదువుకు వెళ్లి మళ్లీ దానికోసమే దరఖాస్తు పెట్టుకోవడమెందుకని. ఆ వాదనలో బలముంది.

ఈ కేసు ఎవరికి పనికిరాదు

అదే ఏడాది ఒక ఐఐటీలో మ్యాథమెటిక్స్ అండ్ కంప్యూటింగ్ చివరి సంవత్సరం చదువుతున్న వరంగల్ అబ్బాయి ఇదే ప్రశ్నతో వచ్చాడు. నాణెం ప్రశ్నకు అతను జవాబు చెప్పడమే కాక, ఏ వరుసకైనా పనిచేసే మార్టింగేల్ పద్ధతి రాసి చూపించాడు. అతన్ని వ్యాలిడేషన్‌లో రెండేళ్లు కూర్చోబెట్టడం వృథా. గురుగ్రామ్ ట్రేడింగ్ సంస్థల క్యాంపస్ ఇంటర్వ్యూలకు వెళ్లమన్నాను. అప్పు లేకుండా, నేరుగా రెండో రకం పనిలోకి వెళ్లాడు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు విదేశీ విద్యానిధి కింద 20 లక్షల దాకా ప్రభుత్వ సాయం అందే కుటుంబాలకూ లెక్క మారుతుంది, ఎందుకంటే అది తిరిగి కట్టాల్సిన సొమ్ము కాదు. ఇంట్లో అప్పు అవసరమే లేనివారు నేను పైన వేసిన లెక్కలో సగం కొట్టేయవచ్చు. వారికి మిగిలేది క్యాలెండరు ప్రశ్న ఒక్కటే: ఆగస్టులో దిగేనాటికి గణితం సిద్ధంగా ఉందా లేదా.

ఆమె విషయంలో తేలనివి రెండు ఉన్నాయి. ముంబై బృందానికి మోడళ్ల యాజమాన్యం ఇస్తారా, లేక లండన్ రాసిన లైబ్రరీని నిర్వహించే పనే మిగులుతుందా అన్నది ఏడాది గడిస్తేగాని తెలియదు. యాజమాన్యం వస్తే తరువాతి అడుగు బ్యాంకు లోపలి బదిలీ. విదేశీ శాఖలో వరుసగా ఏడాది పనిచేసినవారికి అమెరికా ఎల్-1 వీసా దారి ఉంది, దానికి లాటరీ లేదు. రాకపోతే డిగ్రీ అవసరం మళ్లీ ముందుకొస్తుంది, ముఖ్యంగా హెడ్జ్ ఫండ్‌ల పరిశోధన ఉద్యోగాలకు మాస్టర్స్ లేని రెజ్యూమెతో వెళ్లడం కష్టం. జ్యూరిక్‌కు రాసిన సగం దరఖాస్తును చెరిపేయవద్దని, రికమెండేషన్ ఇస్తామన్న ఇద్దరితో సంబంధం పోగొట్టుకోవద్దని చెప్పాను. 2027 సెప్టెంబరులో, తరువాతి ఏడాది అడ్మిషన్ల గడువుకు ముందు, దీన్ని మళ్లీ పరిశీలించాలని అనుకున్నాం. ఈసారి ఖర్చు ఆమె పొదుపు నుంచే వస్తుంది.